దింపమంటే దింపగలగాలి: దత్తత బిడ్డతో పరాయి దేశంలో బేబీ క్యారియర్ వాడకం

ఇది దత్తత తీసుకున్న మా పాప కోసం కొన్న బేబీ క్యారియర్ (బిడ్డను మన ఒంటికి ఆనించి పట్టీలతో కట్టుకుని మోసే గుడ్డ సంచి) గురించిన సమీక్ష. పుట్టినప్పటి నుంచి తమ దగ్గరే ఉన్న పిల్లల కోసం దీన్ని కొనేవారికి సమాచారానికి కొదవ లేదు. కానీ ఏడాదో రెండేళ్లో వేరేవారి చేతుల మీద పెరిగి, ఒక రోజు ఉదయం బొత్తిగా పరిచయం లేని ఇద్దరు మనుషుల దగ్గరికి వచ్చిన బిడ్డ విషయంలో ఇది ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఎదురుతిరుగుతుందో వివరంగా చెప్పినవారు నాకు దొరకలేదు. అందుకే వాడినంతకాలం రాసుకున్న సంగతులను, అదే దారిలో ఉన్న తల్లిదండ్రుల కోసం ఇక్కడ పెడుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పే మంచీ చెడూ ఈ రకం బకిల్ క్యారియర్లలో చాలావాటికి వర్తిస్తాయి.

మా పాప పుట్టిన దేశం మాది కాదు. కోర్టు ఉత్తర్వు వచ్చి, పాప పేరున పాస్‌పోర్టు, వీసా చేతికి అందేదాకా మేం పాపతో కలిసి అక్కడే ఉండాలి. ఆ లెక్కన ఒక అద్దె ఫ్లాట్‌లో 7 వారాలు గడిపాం. మా దగ్గరికి వచ్చేనాటికి పాప వయసు 22 నెలలు, బరువు తొమ్మిదిన్నర కిలోలు. ఆమె భాష మాకు రాదు, మా భాష ఆమెకు రాదు. తెలిసిన గది, తెలిసిన ముఖాలు, పడుకునే మంచం, దుప్పటి వాసన, అన్నీ ఒక్క రోజులో పోగొట్టుకున్న బిడ్డ. ఆ ఊళ్లో మేమూ పరాయివాళ్లమే గాని, మేం ఒకరికొకరం ఉన్నాం. పాపకు ఆ మాత్రం ఆసరా కూడా లేదు. ఈ పరిస్థితిని మనసులో పెట్టుకుంటే తప్ప, ఒక మామూలు వస్తువు గురించి నేను ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు.

కొనేటప్పుడే ఒక పొరపాటు జరగబోయింది. వయసు చెప్పగానే దుకాణంలో టాడ్లర్ సైజు, అంటే నడక వచ్చిన పిల్లల సైజు చూపించారు. ఆ సైజు సాధారణంగా 11 కిలోల దగ్గర మొదలవుతుంది. 1993 మే 29న కుదిరిన హేగ్ అంతర్దేశ దత్తత ఒప్పందంలోని 16వ అధికరణం ప్రకారం, బిడ్డ నేపథ్యం, ఆరోగ్య చరిత్ర, ప్రత్యేక అవసరాలు తెలిపే నివేదికను బిడ్డ దేశం తయారు చేయాలి. మాకు అందిన నివేదికలో పాప బరువు ఉంది గాని, అది 5 నెలల కిందట తూచినది. అనాథాశ్రమాల వంటి సంస్థల్లో పెరిగిన పిల్లలు చాలామంది వయసుకు తగ్గ బరువు ఉండరన్న మాట గుర్తొచ్చి, వయసును పక్కన పెట్టి, 20 కిలోల వరకు మోయగల మామూలు సైజునే తీసుకున్నాం. అది మంచిదైంది. టాడ్లర్ సైజు కొని ఉంటే పాప అందులో మునిగిపోయేది. కనక మీ చేతిలో ఉన్న నివేదిక ఎప్పటిదో చూసుకుని, కూర్చోబెట్టే గుడ్డ వెడల్పును పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ వీలున్న రకం తీసుకోండి. బిడ్డ మోకాళ్లు పిరుదుల కంటే కాస్త ఎత్తులో ఉండాలి, తొడల కింద గుడ్డ ఈ మోకాలి మడత నుంచి ఆ మోకాలి మడత దాకా ఆనాలి, కాళ్లు కిందికి వేలాడకూడదు. తుంటి కీళ్లకు ఇదే మేలని ఎముకల వైద్యులు చెబుతారు. లేబుల్ మీద ఈఎన్ 13209-2 గాని, ఏఎస్‌టీఎం ఎఫ్2236 గాని ఉందో లేదో కూడా చూడండి. మెత్తటి క్యారియర్లకు ఐరోపాలో, అమెరికాలో ఉన్న భద్రతా ప్రమాణాలు అవి.

పొడవాటి గుడ్డ చుట్టుకునే రకాన్నీ, భుజం మీద రింగులు ఉండే రకాన్నీ ఇంటి దగ్గరే ప్రయత్నించి చూశాం. రెండూ నేర్పు కావాలనేవి. ఏడుస్తున్న బిడ్డను పెట్టుకుని నేర్చుకునే విద్యలు కావవి. బకిల్ రకం మనసుకు నచ్చి కాదు, మా ఇద్దరిలో ఎవరైనా నిమిషంలో తొడుక్కోవచ్చని తీసుకున్నాం.

ఇక వాడకం. మొదటి రోజు సాయంత్రం పాపను నా ఛాతీకి ఆనించి కూర్చోబెట్టి, నడుము బకిల్ నొక్కాను. టక్ మని చప్పుడైంది. పాప ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది. ఏడవలేదు. రెండు చేతులూ నా ఛాతీ మీద చాపి, మోచేతులు వంచకుండా, తనకూ నాకూ మధ్య ఎంత ఎడం వీలైతే అంత ఎడం పెట్టుకుని, నా భుజం మీదుగా తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపుంటే అలవాటు పడుతుందని నాకు తోచింది. నా భార్య మాత్రం, "ఇప్పుడే దింపెయ్యండి" అంది. దింపేశాను. ఆ ఒక్క మాట వల్లే ఈ క్యారియర్ మాకు పనికొచ్చిందని ఇప్పుడు నమ్ముతున్నాను.

ఎందుకంటే, ఆ బిడ్డ జీవితంలో అప్పటిదాకా జరిగినవేవీ ఆమెను అడిగి జరిగినవి కావు. ఎవరు ఎత్తుకుంటారో, ఎప్పుడు దించుతారో, ఎవరు తిరిగి వస్తారో, ఎవరు రారో ఆమె చేతిలో ఎన్నడూ లేదు. అలాంటి బిడ్డను, ఎంత ప్రేమతోనైనా సరే, పట్టీలతో మన ఒంటికి కట్టేసుకుంటే అది కూడా ఆ జాబితాలోనే చేరుతుంది. క్యారియర్ కొనేటప్పుడు అందరూ ఎంత త్వరగా తొడుక్కోవచ్చని చూస్తారు. దత్తత తల్లిదండ్రులు ఎంత త్వరగా విప్పవచ్చో చూడాలి. నా దృష్టిలో అసలు పరీక్ష అదే. ఆ పరీక్షలో మా క్యారియర్‌కు నేను పదికి ఆరు మార్కులే వేస్తాను. నడుము బకిల్‌కు మూడు మీటలను ఒకేసారి నొక్కితేనే ఊడే భద్రతా ఏర్పాటు ఉంది. బిడ్డ పొరపాటున ఊడదీయకుండా అది మంచిదే గాని, మొదటి వారంలో దాన్ని విప్పడానికి నాకు కనీసం పది సెకన్లు పట్టేది. దిగాలని గింజుకుంటున్న బిడ్డకు ఆ పది సెకన్లు ఎంత పొడుగో ఆమె చేతి వేళ్లు నా చొక్కాను పట్టుకున్న తీరులో తెలిసేది. తర్వాత ఖాళీ క్యారియర్‌తో రాత్రిపూట సాధన చేసి, చూడకుండా విప్పడం నేర్చుకున్నాను. బిడ్డ రాకముందే ఆ సాధన పూర్తి చేసుకోవాల్సింది.

తర్వాత నాలుగు రోజులు దాన్ని ఎవరికీ తొడగలేదు. గదిలో నేల మీద, పాప ఆడుకునే చోటికి కొంచెం ఎడంగా పడేసి ఉంచాం. రెండో రోజు పట్టీ కొస నోట్లో పెట్టుకుంది. మూడో రోజు బకిల్ పట్టుకుని నేలకేసి కొట్టింది. నాలుగో రోజు నేను పక్కన కూర్చుని బకిల్ కలిపి విప్పి, కలిపి విప్పి చూపిస్తుంటే, దగ్గరికి జరిగి తన రెండు అరచేతులతో రెండు ముక్కలనూ ఒకదానిలోకి ఒకటి నెట్టింది. టక్. తలెత్తి నా ముఖం చూసింది. ఆ గదిలోకి వచ్చాక పాప తనంతట తాను నా ముఖం చూడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి నడుము బకిల్ పెట్టే పని పాపదైంది. నేను మోకాళ్ల మీద కూర్చుని పక్కకు తిరుగుతాను, పాప నెడుతుంది, టక్ మంటుంది, ఆ తర్వాతే ఎక్కించుకుంటాను. ఆమె నెట్టిన బకిల్ సరిగా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకోవడం మాత్రం ఎన్నడూ మానలేదు. సగం పడిన బకిల్ కూడా చప్పుడు చేస్తుంది గనక ఈ జాగ్రత్త తప్పదు. పాప మాటల్లో మేం మొట్టమొదట నేర్చుకున్నవి రెండు: "ఎత్తుకో", "దించు". దుబాసీగా వచ్చినామెను అడిగి వాటిని కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కు అంటించాం. "దించు" అన్న మాట వినబడితే నడిరోడ్డు మీద ఉన్నా సరే, పక్కకు వెళ్లి దింపేవాళ్లం. మొదట్లో ఒక్కో నడకలో ఐదారుసార్లు దిగేది, రెండడుగులు వేసి మళ్లీ చేతులు చాపేది. మూడో వారానికి ఆ దిగడాలు వాటంతట అవే తగ్గిపోయాయి. దింపుతారని తెలిసిన తర్వాత దిగాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదేమో.

ఇలాంటి క్యారియర్ల ప్రకటనల్లో అనుబంధం అన్న మాట ఎక్కువగా కనబడుతుంది గనక, దాని వెనుక ఉన్న ఆధారం గురించి కొంచెం చెప్పాలి. 1990లో ఎలిజబెత్ ఆనిస్‌ఫెల్డ్ బృందం న్యూయార్క్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. తక్కువ ఆదాయం ఉన్న 49 మంది తల్లులకు కాన్పు తర్వాత, కొందరికి మెత్తటి క్యారియర్లు, కొందరికి ప్లాస్టిక్ కుర్చీలు ఇచ్చారు. 13 నెలల వయసులో పిల్లలను, మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్ రూపొందించిన అనుబంధ పరీక్షతో చూసినప్పుడు, క్యారియర్లు వాడిన తల్లుల పిల్లల్లో 83 శాతం మంది, కుర్చీలు వాడినవారి పిల్లల్లో 38 శాతం మంది తల్లితో భద్రమైన అనుబంధంలో ఉన్నట్టు తేలింది. ఇది ఆశ కలిగించే సంగతే. అయితే వారంతా పుట్టిన రోజుల నుంచి తల్లి ఒంటిని ఎరిగిన బిడ్డలు, అధ్యయనం చిన్నది. 22 నెలల వయసులో కొత్తవాళ్ల చేతికి వచ్చిన బిడ్డకు దాన్ని నేరుగా వర్తింపజేసి, ఇన్ని గంటలు మోస్తే ఇంత అనుబంధం అని లెక్క కట్టడం తప్పు. మేం కూడా మొదట అలాంటి లెక్కే వేసుకుని, రోజుకు మూడు గంటలు మోయాలని కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం రెండో రోజే తీసేశాం.

మరో పరిశోధన మాత్రం రోజూ అక్కరకొచ్చింది. జపాన్‌లోని రైకెన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 21 మంది పసిపిల్లల మీద చేసి 2022లో ప్రచురించిన పనిలో, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా 5 నిమిషాలు నడిచి, నిద్ర పట్టాక వెంటనే పడుకోబెట్టకుండా మరో 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకునే కూర్చుంటే బిడ్డ మేలుకోవడం తగ్గుతుందని సూచించారు. వారు చూసినవి ఏడాది నిండని పిల్లలను. అయినా మా పాపకూ ఇది పనిచేసింది. ఫ్లాట్‌లో తలుపు నుంచి కిటికీ దాకా పదకొండు అడుగులు. రాత్రి 8 గంటలకు దీపాలు తగ్గించి, పాపను క్యారియర్‌లో భుజాన వేసుకున్నట్టు ఆనించుకుని, ఆ పదకొండు అడుగులూ అటూ ఇటూ నడిచేవాడిని. తల నా మెడ కింద బరువెక్కాక కుర్చీ అంచున కూర్చునేవాడిని. మంచం మీద దింపేటప్పుడు ఆ మూడు మీటల బకిల్ చప్పుడు చేయకుండా, దాని చుట్టూ చేతి రుమాలు చుట్టి విప్పేవాడిని. ఈ చప్పుడును తగ్గించడం తయారీదారులకు పెద్ద పని కాదు, ఇప్పటిదాకా ఎందుకు పట్టించుకోలేదో తెలియదు.

బయటి పనుల దగ్గరికి వస్తే, నేను ఊహించని ప్రయోజనం ఒకటి కనిపించింది. సంస్థల్లో పెరిగిన పిల్లలు కొందరు కొత్త పాతా లేకుండా ఎవరు చేతులు చాపితే వారి దగ్గరికి వెళ్లిపోతారు. 2000లో మొదలై 136 మంది సంస్థల పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన, రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో జరిగిన పరిశోధన కూడా ఈ లక్షణాన్ని నమోదు చేసింది. చూసేవారికి అది కలుపుగోలుతనంలా ఉంటుంది. నిజానికి నా మనిషి ఎవరో తెలియని బిడ్డ చేసే పని అది. పాస్‌పోర్టు కార్యాలయంలో వరుసలో నిలబడ్డప్పుడు, వెనకున్న పెద్దావిడ ఆప్యాయంగా చేతులు చాపింది. పాప వెంటనే ఆమె వైపు వాలింది. పట్టీలు ఆపాయి. నేను సగం పక్కకు తిరిగి, పాప వీపు మీద చెయ్యి వేసి, నవ్వి తల ఊపాను. ఎవరినీ నొప్పించకుండా, భాష రాకుండా, "ఈ బిడ్డ ఇప్పుడు నా దగ్గరే ఉండాలి" అని చెప్పడానికి ఆ ఊళ్లో నా దగ్గర ఉన్న ఒకే ఒక సాధనం అది. ఎత్తుకోవడం, తినిపించడం, ఓదార్చడం కొన్నాళ్లు తల్లిదండ్రులే చేయాలని దత్తత సలహాదారులు చెబుతారు. చెప్పడం తేలిక, రద్దీలో పాటించడం కష్టం. అక్కడ ఈ క్యారియర్ విలువ పూర్తిగా తెలిసింది. పైగా సంతకాలకు, వేలిముద్రలకు, ఫోటోకాపీలకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఏడు వారాల్లో మేం తిరిగిన కౌంటర్లు ఎన్నో లెక్కలేదు.

బయటికి ముఖం పెట్టి కూర్చోబెట్టే వీలు కూడా దీనిలో ఉంది. మేం ఒక్కసారే వాడి మానేశాం. లోకమంతా మీద పడుతున్నట్టు ఉన్నప్పుడు ముఖం దాచుకోవడానికి బిడ్డకు మన ఛాతీ అందుబాటులో ఉండాలి. వీపున వేసుకోవడం కూడా ఐదో వారం దాకా చేయలేదు. నా ముఖం కనబడకపోతే పాప వెనక నుంచి చెవి పట్టుకుని లాగేది, అంటే ఇంకా సమయం కాలేదన్నమాట.

ఇద్దరం మార్చి మార్చి వాడటం వల్ల వచ్చిన చిక్కు పట్టీల పొడవు. నాకూ నా భార్యకూ భుజాల వెడల్పులో చాలా తేడా ఉంది. ప్రతిసారీ నాలుగు చోట్ల సర్దుకునేలోపు పాప ఓపిక అయిపోయేది. చివరికి పట్టీల మీద నా కొలత దగ్గర నీలం దారంతో, ఆమె కొలత దగ్గర తెల్ల దారంతో రెండేసి కుట్లు వేసుకున్నాం. ఇది తప్పక చేయవలసిన పని, ఐదు నిమిషాలు కూడా పట్టదు. మొదటి పది రోజులు పాప నా భార్య దగ్గరికే వెళ్లేది. సంస్థలో ఆమెను పెంచినవారంతా ఆడవారే గనక అది సహజం. నీలం దారం దగ్గర పట్టీ అరగడం మొదలుపెట్టింది మూడో వారంలోనే. నేను ఎంత ఎదురుచూశానో ఆ అరుగుదలను!

లోపాలు ఉన్నాయి. మెడ వెనక వచ్చే అడ్డపట్టీ బకిల్ ఒక్కరికే అందదు. నా భార్య ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని ముందే పెట్టుకుని, చొక్కాలా తల మీదుగా తొడుక్కోవాల్సి వచ్చేది. ఎండ రోజుల్లో ఇద్దరి మధ్యా చెమట కారిపోతుంది. లోపల వల గుడ్డ ఉన్న రకం కొనడం మేలు. నడుము పట్టీలోని ఫోమ్ ఆరో వారానికి మడత పడిపోయింది, తుంటి ఎముక దగ్గర ఒరుసుకునేది. ఎడమ భుజం పట్టీ రెండుసార్లు కొద్దిగా జారింది. కంపెనీకి రాస్తే మార్చి ఇస్తామన్నారు గాని, పరాయి దేశపు చిరునామాకు పంపలేమన్నారు. విదేశంలో ఉండబోయేవారు ఈ సంగతి కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

ఉతకడం గురించి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. మూడో వారంలో పాలు ఒలికాయని క్యారియర్‌ను వాషింగ్ మెషీన్‌లో వేశాం. ఆరిన తర్వాత పాప దాని దగ్గరికి వచ్చి, భుజం పట్టీని మూతి దగ్గర పెట్టుకుని, వదిలేసి వెళ్లిపోయింది. రెండు రోజులు ఎక్కలేదు. ఉన్నదంతా ఒకసారి పోగొట్టుకున్న బిడ్డ, మళ్లీ కూడబెట్టుకుంటున్న వాసనను మేం సబ్బుతో కడిగేశాం. ఆ తర్వాత మరక పడిన చోట మాత్రమే తడిగుడ్డతో తుడిచేవాళ్లం. భుజం పట్టీలకు విడిగా తొడిగే గుడ్డలు దొరుకుతాయి, అవి రెండు జతలు కొనుక్కుని ఒకటి విడిచి ఒకటి ఉతికితే ఈ బాధ ఉండదు.

కారులో ఇది కారు సీటుకు బదులు కాదు, టాక్సీలో కూడా వాడకూడదు. విమానంలో పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు బిడ్డను క్యారియర్‌లో ఉంచుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు, మధ్యలో వాడుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో భద్రతా తనిఖీ దగ్గర విప్పి బెల్టు మీద పెట్టమన్నారు. పెట్టాం. స్కానర్ అవతల అది బయటికి రాగానే పాప నా చెయ్యి విడిపించుకుని వెళ్లి, నడుము పట్టీ పట్టుకుని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చింది. వెనక జనం ఆగి ఉన్నారు, ట్రేలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. నేను పక్కకు జరిగి మోకాళ్ల మీద కూర్చున్నాను. మొదటిసారి బకిల్ పడలేదు. రెండోసారీ పడలేదు. మూడోసారి రెండు అరచేతులతో గట్టిగా నెట్టింది, టక్ మంది. లాగి చూసుకుని ఎక్కించుకున్నాను.